బోరుకు గట్టు కట్టిన బోర్డు

చెరువు గట్టు మీద నిలబడ్డ రైతుకు ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు. తూము దగ్గర నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి, ఈ ఏడు ఆయకట్టులో ఎందాకా వరి పెట్టొచ్చో తేల్చుకుంటాడు. బోరుకు గట్టు లేదు. వందల అడుగుల లోతున ఉన్న నీరు ఎంత మిగిలిందో, మోటారు ఆగి ఆగి పోసే రోజు దాకా తెలియదు. అప్పటికి పైరు పొట్ట మీద ఉంటుంది.

కనబడని ఆ నీటిని కంటికి కనబడేలా చేయాలని 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రయత్నం మొదలైంది. నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన ఆ ప్రాజెక్టు పేరు ఏపీఎఫ్ఏఎంజీఎస్. భూగర్భజలాన్ని రైతులే చూసుకోవాలన్నది దాని సారాంశం. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా పల్లెలు ఇందులో చేరాయి.

కొలతలు తీసింది రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు వదిలేవారు. దాని కొనకున్న లోహపు మొన నీటిని తాకగానే పైన బీప్ మోగుతుంది. అది ఎన్ని మీటర్ల దగ్గర మోగిందో పుస్తకంలో రాసుకునేవారు. మోటారు పైపు కింద డ్రమ్ము పెట్టి, అది నిండే దాకా స్టాప్‌వాచ్ పట్టేవారు. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు. వాన లెక్కకు వర్షమాపకాలు ఉండేవి.

ఆ అంకెలు పుస్తకంలోనే ఉండిపోతే ఎవరికీ ఉపయోగం లేదు. అందుకే వాటిని ఊళ్లో బోర్డుల మీదికి ఎక్కించారు. ఇక్కడ గీతలో ఒక చిక్కుంది. బోరులో నీరున్న లోతును మామూలు గ్రాఫులా గీస్తే, నీరు తగ్గేకొద్దీ గీత పైకి పోతుంది. చూసినవాళ్లు నీళ్లు పెరిగాయనుకుంటారు. అందుకని సున్నాను పైన పెట్టి, లోతును కిందికి గీయాలి. అప్పుడే నీరు దిగితే గీతా దిగుతుంది, బావిలోకి తొంగి చూసినట్టే ఉంటుంది.

అసలు ఘట్టం వానాకాలం ముగిశాక, రబీ విత్తనానికి ముందు. ఒకే వాగు పరీవాహకంలోని ఊళ్ల రైతులు ఒకచోట కూర్చునేవారు. ఒక పక్క ఎంత వాన పడింది, ఎంత ఇంకింది, ఎంత తోడేశాం. ఇంకో పక్క ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలనుకుంటున్నారు. ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. అదే వేరుశనగకు 500 మిల్లీమీటర్లనుకుంటే 20 లక్షలతో సరిపోతుంది. రెండు పక్కలా కూడి చూస్తే లోటు ఎంతో అందరి ముందూ తేలిపోయేది.

వరి వేయొద్దని ఎవరూ శాసించలేదు, జరిమానా లేదు, ప్రోత్సాహక సొమ్మూ లేదు. ఎవరి పొలం నిర్ణయం వారిదే. అయినా, ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక ప్రకారం, 42 శాతం పరీవాహకాల్లో రబీలో తోడిన నీరు వరసగా మూడేళ్లూ తగ్గింది. పెరిగింది 7 శాతంలోనే. చట్టాలు సాధించలేనిది ఒక బోర్డు, ఒక కూడిక సాధించాయంటే గొప్ప సంగతే.

ఈ బోర్డు పక్కన ఒక పటం పెట్టి చూడాలి. గ్రేస్ ఉపగ్రహాల కొలతలతో 2009లో శాస్త్రవేత్తలు తేల్చిందేమంటే, 2002 నుంచి 2008 మధ్య వాయవ్య భారతంలో 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయింది. ఆ పటం దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. కానీ వందల కిలోమీటర్లను ఒకే రంగులో చూపే పటంలో ఏ రైతుకూ తన బోరు కనబడదు. ఏ పంట వేయాలో ఆ రంగు చెప్పదు.

ప్రాజెక్టు నిధులు ఆగాక చాలాచోట్ల కొలతలు సన్నగిల్లాయి. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పీజోమీటర్లు భూగర్భజల మట్టాన్ని ఎప్పటికప్పుడు పంపిస్తున్నాయి. టేపు దించే శ్రమ కూడా తగ్గింది. ఆ అంకె కార్యాలయం తెర దగ్గరే ఆగిపోకుండా, రబీ విత్తనాలు సంచుల్లోంచి తీయకముందే పంచాయతీ గోడ మీదికి రావాలి: సున్నా పైన, గీత కిందికి, పక్కనే నిరుటి గీత.