బానెట్ ఎత్తడం వచ్చా మీకు?

ఆరేళ్ల కిందటి మాట. బీటెక్ పట్టా చేతికొచ్చిన కొత్త. మా మామయ్య పాత అంబాసిడర్‌లో నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ బయల్దేరా. ఎక్కేముందు బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆయిల్ చూసి, ధన్‌మని పడేశా. కొండమల్లేపల్లి దాటాక బండి ఓ గుంతలో పడి ఎగిరింది. అంతే, బానెట్ అంచు లేచి టకటకా కొట్టుకోవడం మొదలైంది. అది పూర్తిగా లేచి అద్దం మీద పడకుండా ఆపింది ముందున్న చిన్న కొక్కెం ఒక్కటే.

కల్వకుర్తిలో మెకానిక్ ఉస్తాద్ చూసి ఒకటే అడిగిండు: ‘తాళం పడ్డ చప్పుడు విన్నవా బిడ్డా?’

వినలేదు. అసలు బానెట్‌కు రెండు తాళాలుంటాయని కూడా నాకు తెలీదు. నాలుగేళ్ల చదువు అక్కడ తల దించుకుంది. మీకు ఆ పరిస్థితి రావద్దు.

తెరిచేటప్పుడు

ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. చాలా పాత కార్లలో డ్యాష్‌బోర్డు కింద ఉన్న పిడి లాగితే మొదటి తాళం వదులుతుంది. బానెట్ వేలెడంత లేస్తుంది. ఆ సందులో వేళ్లు పెట్టి రెండో కొక్కెం తప్పించాలి. రాకపోతే బలం వాడొద్దు, కేబుల్ తెగితే పని పదింతలవుతుంది. ఒకరు పిడి లాగుతుంటే ఇంకొకరు బానెట్‌ను మెల్లగా కిందికి నొక్కి వదిలితే చాలాసార్లు వచ్చేస్తుంది. స్టే రాడ్ గట్టిగా కూర్చున్నాకే తల లోపల పెట్టండి. వేడి రేడియేటర్ మూత జోలికి మాత్రం పోవద్దు.

అన్ని బానెట్లూ ఒకేలా ఉండవు. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ చేసిన 1912 నాటి రోల్స్‌రాయిస్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దాని బానెట్ నడుమ కీలుతో, పక్కల నుంచి రెక్కల్లా లేస్తుంది. అందుకే ముందు చూడాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి.

మూసేటప్పుడు, చూసుకునేటప్పుడు

రాడ్‌ను దాని చోట పెట్టి, బానెట్‌ను జానెడు ఎత్తుదాకా దించి వదలండి. చప్పుడు వినండి. తర్వాత అంచు పట్టి పైకి లాగి చూడండి. నడుమ అరచేత్తో నొక్కితే పాత రేకు సొట్ట పడుతుంది.

మన దగ్గర దుమ్ము ఎక్కువ. తాళంలో గ్రీజు దుమ్ముతో కలిసి ముద్దవుతుంది, అది తుడిచాకే కొత్తది పెట్టాలి. కీళ్లకు రెండు చుక్కల నూనె చాలు. గట్టిపడిన రబ్బరు బుడిపెలు మార్చండి, లేకుంటే బానెట్ అదిరి పెయింట్ పోతుంది. లోపలి అంచుల మడతల్లో తడి నిలిస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఇందులో కెరీర్ ఏముంది?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఉన్నవాటిని కాపాడేవాళ్లే ఇక దిక్కు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. అంటే కొత్త రేకు వేసేవాడికన్నా పాత రేకును నిలబెట్టేవాడి పని విలువ పెరుగుతుందన్నమాట. ఆసక్తి ఉంటే ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకూ ఇది పనికొస్తుంది. ఓ ఇంటర్వ్యూలో ‘తెలియని సిస్టమ్ అప్పగిస్తే ముందు ఏం చేస్తారు?’ అని నన్నడిగారు. పుస్తకం జవాబు పక్కనపెట్టి, కల్వకుర్తి సంగతి చెప్పా. ముందు చూస్తాను, బలం వాడను, పని అయ్యాక సరిగ్గా అయిందో లేదో లాగి చూస్తానన్నా. ఉద్యోగం వచ్చింది.

ఈ ఆదివారం మీ వాడలో పాత కారున్న పెద్దాయన దగ్గరికెళ్లి, అనుమతి అడిగి బానెట్ ఎత్తండి. మూసినప్పుడు చప్పుడు వినడం మాత్రం మరవొద్దు.