చప్పుడు లేని బండి

నా చిన్నప్పుడు కొవ్వూరు స్టేషను దగ్గర ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. ఏదో పత్రికలో చదివిన ముక్క పట్టుకుని ఒకరోజు అక్కడికి పరిగెత్తాను. రోల్స్‌రాయిస్ కారు ఇంజను తిరుగుతుండగా ముందు రేడియేటరు మూత మీద నాణెం నిలువుగా పెడితే పడిపోదట. మన బళ్ల మీద పెడితేనో అని నా అనుమానం. మెకానిక్ నవ్వి, "రూపాయి ఉందా?" అని అడిగాడు. పెట్రోలు ఇంజను పీకేసి డీజిలు ఇంజను బిగించిన పాత టాక్సీ ఒకటి షెడ్డు ముందు ఉంటే దాన్ని స్టార్టు చేశాడు. నిలబెట్టడం మాట అటుంచి, పడుకోబెట్టినా బిళ్ళ ఆగలేదు. గజగజలాడుతూ బానెట్ అంచుదాకా నడిచి, కిందపడి, దొర్లుకుంటూ మురుగుకాలవలో మునిగింది.

"రూపాయి నీదేగా బాబూ" అన్నాడాయన, నిశ్చింతగా.

ఆయన విద్యంతా చెవిలోనే ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడి చెవికి అదిమి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. బేరింగు అరిగిందో, టాపెట్లు కొట్టుకుంటున్నాయో ఆ ఇనుపకడ్డీ ఆయనకు చెప్పేది. బండి చప్పుడు చేస్తోందంటే ఎక్కడో ఏదో ఒకదానితో ఒకటి ఒరుసుకుంటోందని, ఒరుసుకున్నది అరిగి తీరుతుందని ఆయన లెక్క. తర్వాతెప్పుడో రోల్స్‌రాయిస్ కారు చేసిన హెన్రీ రాయిస్ జీవితం చదువుతుంటే ఆ షెడ్డే గుర్తొచ్చింది.

రాయిస్ పుట్టుక చూస్తే విలాసానికీ అతనికీ చుక్కెదురు. 1863లో ఇంగ్లండులోని ఆల్వాల్టన్ అనే పల్లెలో ఒక మిల్లరు ఇంట పుట్టాడు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయాడు. పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. మేనత్తో పిన్నో, ఒక బంధువు డబ్బు కడితే పీటర్‌బరో రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకోవడానికి చేరాడు. ఆ డబ్బు అయిపోవడంతో శిక్షణ సగంలోనే ఆగింది. 1884లో మాంచెస్టర్‌లో చిన్న కార్ఖానా పెట్టి ఎలక్ట్రిక్ గంటలు, డైనమోలు, ఆ తర్వాత కరెంటుతో నడిచే క్రేన్లు చేశాడు. నలభైకి అటూ ఇటూగా ఒక సెకండ్‌హ్యాండ్ ఫ్రెంచి కారు కొన్నాడు. దాని పనితనం ఆయనకు నచ్చలేదు. పోనీలే అని సర్దుకునే మనిషి కాదు కనుక, తానే ఒకటి చేద్దామని కూర్చున్నాడు. రెండు సిలిండర్ల ఆ చిన్న కారు 1904 ఏప్రిల్ 1న కార్ఖానా గేటు దాటింది.

పేరులోని మిగతా సగం, ఛార్లెస్ రోల్స్, అచ్చంగా రాయిస్‌కు ఎదురు. లార్డుగారబ్బాయి, కేంబ్రిడ్జి చదువు. లండన్‌లో ఫ్రెంచి కార్లు తెప్పించి అమ్మేవాడు. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌ల్యాండ్ హోటల్లో ఇద్దరూ కలుసుకున్నారు. రాయిస్ చేసే కార్లన్నీ తానే అమ్ముతానని రోల్స్ మాటిచ్చాడు. 1906 మార్చిలో కంపెనీ పుట్టింది. పేరులో మొదట నిలిచింది అమ్మినవాడి పేరు; చేసినవాడిది తర్వాత. లోకరీతి అదే కదా! వీళ్లిద్దరి మధ్య వ్యవహారమంతా నడిపిన క్లాడ్ జాన్సన్‌ను మాత్రం ఆ పేరులోని చిన్న అడ్డగీత అనేవారు. రోల్స్‌కు విమానాల పిచ్చి పట్టి, 1910 జులైలో బోర్న్‌మత్‌లో విమానం కూలి 32 ఏళ్లకే పోయాడు. మోటారు విమాన ప్రమాదంలో మరణించిన మొదటి బ్రిటిష్‌వాడు అతనే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆరు సిలిండర్ల ఇంజను ఆ రోజుల్లో అందరికీ ఆశ పెట్టి, అందరి చేతా కన్నీళ్లు పెట్టించిన సరుకు. ఆరు సిలిండర్లు వంతులవారీగా పేలుతుంటే నడక మెత్తగా ఉండాలి. కానీ వాటన్నిటి తాకిడినీ మోసే క్రాంక్‌షాఫ్టు పొడుగు. ఒక్కో పేలుడూ దాన్ని తడిగుడ్డ పిండినట్టు ఇంచుక మెలిపెడుతుంది. ఇనుము మళ్లీ విప్పుకుంటుంది. ఉయ్యాలను సరిగ్గా దాని ఊపు మీదే తోస్తే ఎలా పైపైకి పోతుందో, ఇంజను ఒకానొక వేగానికి చేరినప్పుడు పేలుళ్లూ ఆ మెలికా ఒకే తాళంలో పడి వణుకు పెరిగిపోతుంది. ఇనుము అలిసి, ఒకనాడు ఫటేలుమంటుంది. రాయిస్ చేసిన మొదటి ఆరు సిలిండర్ల ఇంజన్లలోనూ షాఫ్టులు విరిగాయి.

మందు ఎక్కడుందో ఆయనకు తెలిసింది. 1906లో వచ్చిన కొత్త మోడలులో షాఫ్టును బాగా లావు చేసి, ఏడు చోట్ల బేరింగుల మీద కూర్చోబెట్టాడు. సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోతపోశాడు. ఈ మూడూ ఆ మూడూ అద్దంలో బింబాల్లా ఎదురెదురుగా పనిచేస్తూ ఒకదాని ఊపును మరొకటి మింగేస్తాయి. నూనెను చుక్కలు చుక్కలుగా కారనివ్వకుండా, పంపుతో ఒత్తి బేరింగులకు పంపాడు. ఒక్కో సిలిండరుకు రెండేసి స్పార్క్‌ప్లగ్గులు, అవీ వేర్వేరు ఏర్పాట్ల మీద. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. ఇంజను 7,036 సీసీ. ఇందులో మరెవరూ కనీ వినీ ఎరగని కొత్త సూత్రం ఏదీ లేదు. ఉన్నదల్లా తేడా రాకుండా అమర్చే ఓపిక. నాణెం నిలబడింది ఆ ఓపిక మీదే.

1907లో జాన్సన్ ఈ మోడలులో ఒకదానికి వెండిరంగు పూయించి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టాడు. వెండి దెయ్యం అన్నమాట. ఆ పేరే మోడలు మొత్తానికీ అంటుకుంది. మనవాళ్లయితే కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించి దెయ్యాన్ని తరిమేస్తారు; వీళ్లు ఏకంగా బండికే ఆ పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఫాంటమ్, రెయిత్, ఈ మధ్య స్పెక్టర్... ఇంటిల్లిపాదీ దెయ్యాలే. వచ్చినట్టు తెలియదు, పోయినట్టు తెలియదు అని భావం.

ఆ వెండి కారును రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పెద్దల కళ్లెదుటే లండన్, గ్లాస్గోల మధ్య అటూ ఇటూ తిప్పారు. 629 మైళ్ల దగ్గర ఒక్కసారి ఆగింది. కుదుపులకు పెట్రోలు కుళాయి తనంతట తానే మూసుకుపోయింది, అంతే. అక్కణ్నుంచి 14,371 మైళ్లు మొరాయించకుండా నడిచింది. చివరికి ఊడదీసి, ప్రతి భాగాన్నీ కొలిచి, అరిగినవి మార్చి మళ్లీ కొత్తదానిలా చేయడానికి పట్టిన సామాను ఖరీదు రెండు పౌన్లు, పైన కొద్ది చిల్లర. ప్రపంచంలోకెల్లా గొప్ప కారు అని కంపెనీ చాటుకోవడానికి పునాది ఈ రిపేరు బిల్లే. మా మెకానిక్‌కు చూపించి ఉంటే దండం పెట్టేవాడు. కాదు, ఇలాంటి బళ్లే వస్తే తన షెడ్డు మూతపడుతుందని తిట్టుకునేవాడేమో కూడా.

ఇంతకీ రోల్స్‌రాయిస్ అమ్మింది పూర్తి కారు కాదు. ఇంజను, చక్రాలు, చట్రం ఇచ్చి ఊరుకునేది. పై పెట్టె కొన్నవాడే చేయించుకోవాలి. వింతగా వినిపిస్తుంది గానీ, గోదావరి మీద మా గామన్ వంతెన దగ్గర మొన్నమొన్నటిదాకా ఆ దృశ్యం కనిపించేది. క్యాబిన్ లేని లారీ ఛాసిస్ మీద, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండలో బొమ్మలా కూర్చుని డ్రైవరు పోతుండేవాడు. బాడీ కట్టించుకునేది విజయవాడ ఆటోనగర్‌లో. అప్పట్లో లండన్‌కు అలాంటి ఆటోనగర్ బార్కర్, హూపర్ వంటి కంపెనీలు. అంతకుముందు అవి గుర్రపు బగ్గీలు కట్టేవి.

మన తెలుగు నేల మీద బాగా పేరున్న రోల్స్‌రాయిస్ బార్కర్ చేతుల్లోనే రూపు దిద్దుకుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో ఒక సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చాడు. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశాడు. కారు వచ్చేసరికి గద్దె మీద కొడుకు ఉస్మాన్ అలీఖాన్. ఇప్పుడది హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. నేను చూసినప్పుడు మొదట కంటికి తగిలింది రంగు, అసఫ్‌జాహీల జెండా పసుపు. వెనకభాగం ఎత్తుగా, కప్పు గుమ్మటంలా. మామూలు కార్లలో వెనక సీటంటే ముగ్గురు సర్దుకునేది. ఇందులో ఒకే ఒక్క ఆసనం, సింహాసనంలా ఎత్తు మీద. పరివారానికి మడతపెట్టే చిన్న సీట్లు. అద్దాలు విశాలంగా ఉంటాయి, కానీ లోపలివాడికి బయట చూపించడానికని కాదు. బయటివాడు లోపలున్నాయన్ను చూడాలని. ఏనుగు అంబారీకి చక్రాలు తగిలించినట్టే. దాన్ని త్రోన్ కారు అంటారు.

ఆ కారు మొత్తం తిరిగింది కొద్ది వందల మైళ్లే. దాని తోబుట్టువు పద్నాలుగు వేల మైళ్లు నడిచి పేరు తెచ్చుకుంటే, ఇది నిలబడి తెచ్చుకుంది. ఎంత దూరమైనా మొరాయించకుండా పోవడానికి రాయిస్ పడ్డ ప్రయాసంతా, ఊరేగింపు వేగంతో నాలుగు వీధులు దాటే బండిలో కొలువుదీరింది. నాకు ఇందులో కొంచెం బాధ, కొంచెం నవ్వు. అయినా, మనిషి నడక వేగంతో గంటసేపు పోతూ చప్పుడు చేయకుండా, ఉడుకెత్తకుండా ఉండడం ఇంజనుకు చిన్న పరీక్షేం కాదు. పెళ్లి ఊరేగింపుల్లో కార్లు తోలినవాళ్లను అడగండి.

ఆ రోజుల్లో మా వైపు సంగతి వేరు. 1900లో హేవ్‌లాక్ వంతెన మీద రైలు గోదావరి దాటింది గానీ, మోటారు నడిచే దారి కొవ్వూరుకూ రాజమండ్రికీ మధ్య 1974 దాకా లేదు. రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చేదాకా కోటీశ్వరుడి కారైనా ఏటికి ఇవతల ఆగి పడవ కోసం చూడాల్సిందే.

కారు రాకపోయినా కథలు మాత్రం దాటి వచ్చాయి. కొవ్వూరు గోష్పాద రేవులో కూర్చున్న పెద్దాయనల నోట నేను విన్న కథ ఇది. నిజాంగారు లండన్‌లో మామూలు బట్టల్లో రోల్స్‌రాయిస్ షోరూముకు వెళ్తే పొమ్మన్నారట. ఆయన మర్నాడు అరడజను కార్లు కొని, ఊరికి తెచ్చి, చీపుర్లు కట్టించి చెత్త ఎత్తించాడట. కంపెనీ లబోదిబోమని కాళ్లబేరానికి వచ్చిందట. వినడానికి ఎంత బాగుందో! అయితే ఇదే కథ రాజస్థాన్‌లో అల్వర్ మహారాజు పేరుతో, పంజాబ్‌లో పాటియాలా రాజు పేరుతో చెబుతారు. ఊరూరా హీరో మారతాడు, చీపురు మారదు. దీనికి కాగితం మీద ఆధారం ఎక్కడా లేదు. పైగా 1911 ఢిల్లీ దర్బారు నాటికే సంస్థానాధీశులు ఆ కంపెనీకి బంగారుబాతులు. తలుపు దగ్గర గెంటే తెలివితక్కువ వ్యాపారి వాళ్లలో ఉంటాడనుకోను. తెల్లవాడు చేసిన అవమానానికి తెల్లవాడి సొత్తుతోనే బదులు తీర్చాలన్న మనసులోంచి పుట్టిన కథ అది. అందుకే ఎన్నిసార్లు అబద్ధమన్నా చావదు.

చావుకు సంబంధించిన నిజమైన కథ ఒకటుంది, అదీ మన దేశం దారిలోనే జరిగింది. రేడియేటరు మూత మీద చేతులు వెనక్కి చాచి ముందుకు వంగి ఉండే దేవకన్య బొమ్మను 1911లో ఛార్లెస్ సైక్స్ అనే శిల్పి చేశాడు. అంతకుముందే లార్డ్ మాంటేగు అనే ఆయన కారు కోసం పెదవి మీద వేలు పెట్టుకున్న అమ్మాయి బొమ్మ చేశాడు. దాని పేరు 'గుసగుస'. ఆ బొమ్మకు కూర్చున్నది మాంటేగు దగ్గర సెక్రటరీగా పనిచేసిన ఎలియనార్ థార్న్‌టన్. దేవకన్యలోనూ ఆమె పోలికే ఉందని చెబుతారు. 1915 డిసెంబరులో మాంటేగు ఉద్యోగం మీద ఇండియాకు బయల్దేరాడు. ఆమె కూడా ఓడెక్కింది. డిసెంబరు 30న, క్రీట్ దీవి దగ్గర, జర్మన్ జలాంతర్గామి దెబ్బకు 'పర్షియా' ఓడ నిమిషాల్లో మునిగింది. మూడు వందల మందికి పైగా పోయారు. మాంటేగు బతికాడు, ఆమె బతకలేదు. బొంబాయి చేరవలసిన ఓడ చేరలేదు. ఆమె బొమ్మ మాత్రం రాజుల కార్ల మీద నిలబడి మన దేశమంతా తిరిగింది.

మిగతా చరిత్ర గబగబా చెప్పేయొచ్చు. సిల్వర్ ఘోస్ట్ తయారీ 1926లో ఆగింది. రాయిస్ 1933లో పోయాడు. కంపెనీని ముంచింది కారు కాదు, విమానాల కోసం చేస్తున్న జెట్ ఇంజను. దాని ఖర్చు తట్టుకోలేక 1971లో దివాలా తీస్తే ప్రభుత్వం ఆదుకుంది. కార్ల విభాగం విడిపోయింది. 1998లో అది అమ్మకానికొచ్చినప్పుడు నడిచిన తమాషా మన ఊళ్లో అన్నదమ్ముల పంపకాలకు తీసిపోదు. ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌన్లు పోసి ఫ్యాక్టరీని, దేవకన్య బొమ్మను, రేడియేటరు జాలీ ఆకారాన్ని దక్కించుకుంది. పేరు మాత్రం విమాన ఇంజన్ల కంపెనీ చేతిలో ఉంది. వాళ్లు దాన్ని బీఎండబ్ల్యూకు 4 కోట్ల పౌన్లకు ఇచ్చారు. ఒకరికి ఇల్లు, ఒకరికి ఇంటిపేరు! చివరికి రాజీపడి, 2003 నుంచి కార్లు గుడ్‌వుడ్‌లో బీఎండబ్ల్యూ నీడన తయారవుతున్నాయి. 

2023లో స్పెక్టర్ వచ్చింది. బ్యాటరీ కారు. సిలిండర్లు లేవు, క్రాంక్‌షాఫ్టు లేదు, మెలిక తిరిగే ఇనుము లేదు. డైనమోలు చుట్టుకుంటూ బతుకు మొదలుపెట్టిన రాయిస్ కుస్తీపట్టి సాధించిన నిశ్శబ్దం కరెంటు మోటారుకు పుట్టుకతోనే ఉంది.

ఈ మధ్య కొవ్వూరు వెళ్లాను. స్టేషను నుంచి రేవుకు బ్యాటరీ ఆటోలు పోతున్నాయి. మెకానిక్ షెడ్డు తీసేశాడు, అయినా ఆ అరుగు మీదే కూర్చుంటున్నాడు. మేం మాట్లాడుకుంటుండగా ఒక ఆటో మా మోకాళ్లు రాసుకుంటూ పోయేదాకా వచ్చినట్టే తెలియలేదు.

"చూశారాండి, హారను కొట్టందే ఉందని తెలీట్లేదు. దీనికి చెవెక్కడ పెట్టమంటారండి?" అన్నాడు.

నేను జేబులోంచి రూపాయి తీశాను. "వద్దండి, ఈసారి పడదు" అన్నాడు.