ఎస్గరోత్

ఎస్గరోత్ ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ సృష్టించిన మిడిల్ ఎర్త్ అనే ఊహాలోకంలోని ఒక పట్టణం. సరస్సు నీటిలో కొయ్య స్తంభాలపై కట్టబడినందున దీనికి లేక్‌టౌన్ (సరస్సు ఊరు) అనే పేరు కూడా ఉన్నది. 1937 సెప్టెంబరు 21న వెలువడిన "ది హాబిట్" నవలలో ఈ పట్టణానికి ముఖ్యమైన పాత్ర ఉన్నది. 1954-55లలో ప్రచురితమైన "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్"లోను, దాని అనుబంధాలలోను ఈ ప్రాంతపు తరువాతి చరిత్ర కొంత లభిస్తుంది. ఈ వ్యాసంలో కథాకాలపు సంవత్సరాలు ఆ లోకపు "మూడవ యుగం" లెక్క ప్రకారం ఇవ్వబడినవి.

పేరు

ఎస్గరోత్ అనగా "రెల్లు సరస్సు" అని టోల్కీన్ 1930లలో వ్రాసుకొన్న భాషా పట్టికలలో ఉన్నది. ఈ పట్టికలు ఆయన మరణానంతరం 1987లో ప్రచురితమైనవి.

ఉనికి, నిర్మాణం

ఎరెబోర్ అనే ఒంటరి పర్వతానికి దక్షిణాన లాంగ్ లేక్ అనే పెద్ద సరస్సు ఉన్నది. ఉత్తరాన పర్వతం నుండి రన్నింగ్ నది, పడమట మిర్క్‌వుడ్ అడవి నుండి ఫారెస్ట్ నది వచ్చి ఇందులో కలుస్తాయి. ఫారెస్ట్ నది ముఖద్వారానికి సమీపంలో, ఒక రాతి కొమ్ము చాటున నీరు నిలకడగా ఉండే చోట పట్టణం ఉండేది. అడవి చెట్ల పెద్ద దుంగలను నీటిలో పాతి, వాటిపై ఇళ్ళు, వీధులు నిర్మించారు. ఒడ్డు నుండి పట్టణానికి పొడవైన కొయ్య వంతెన ఒకటి ఉండేది. పట్టణం నడుమ స్తంభాలు చుట్టిన విశాలమైన నీటి వలయమే సంత. పడవలు అక్కడికి వచ్చి ఆగేవి. మెట్లు, నిచ్చెనల ద్వారా సరుకు పైకి చేరేది.

పాలన, వర్తకం

ఇక్కడ రాజు లేడు. ప్రజలు పెద్దలలో ఒకరిని "మాస్టర్"గా ఎన్నుకొనేవారు. దక్షిణ దేశాల సరుకులు నదిపై ఎదురెక్కి వచ్చి, జలపాతం వద్ద బండ్లపై దాటించబడి పట్టణానికి చేరేవి. డోర్వినియన్ ద్రాక్షసారాయి ఇక్కడి నుండి అడవిలోని ఎల్ఫ్ రాజు కోటకు వెళ్ళేది. ఖాళీ పీపాలు నదిలో తేలుతూ తిరిగి వచ్చేవి.

చరిత్ర

ప్రాచీన కాలం

వానలు లేక నీరు తగ్గినప్పుడు తీరం వెంట పూర్వపు పెద్ద పట్టణపు కుళ్ళిన స్తంభాలు బయటపడేవి. ఆ కాలపు వైభవానికి ఆధారం పర్వతం. 1999లో మొదటి థ్రైన్ ఎరెబోర్‌లో మరుగుజ్జు జాతి రాజ్యాన్ని స్థాపించాడు. కొంతకాలం విడిచివెళ్ళిన తరువాత, 2590లో థ్రోర్ దానిని పునరుద్ధరించాడు. పర్వత పాదంలోని డేల్ నగరం, ఎస్గరోత్ ఈ సంపద వల్ల వృద్ధి చెందాయి. 2770లో స్మాగ్ అనే డ్రాగన్ పర్వతాన్ని ఆక్రమించి డేల్‌ను నాశనం చేసింది. డేల్ ప్రభువు గిరియన్ మరణించాడు. అతని భార్య, బిడ్డ నది వెంట తప్పించుకొన్నారు.

పట్టణ దహనం

2941లో థ్రోర్ మనుమడు థోరిన్, తన అనుచరులతోను, బిల్బో అనే హాబిట్‌తోను పీపాల ద్వారా ఎల్ఫ్ రాజు చెర నుండి బయటపడి పట్టణానికి చేరాడు. పర్వతరాజు తిరిగి వస్తే నదులలో బంగారం పారుతుందని అక్కడ పాటలు ఉండేవి. ఎల్ఫ్ రాజుతో వర్తకం చెడుతుందని మాస్టర్ సందేహించినా, జనుల ఉత్సాహానికి లొంగి అతిథులకు పడవలు, ఆహారం సమకూర్చాడు.

బిల్బో మాటలలోని "పీపాలపై స్వారీ" అన్న సూచనను బట్టి, దొంగలకు సహాయపడినది సరస్సు ప్రజలేనని స్మాగ్ అనుమానించి దాడికి బయలుదేరింది. పట్టణవాసులు వంతెనను కూల్చివేశారు. లోతైన చల్లని నీరు తన నిప్పును ఆర్పివేస్తుందని ఎరిగిన డ్రాగన్ ఆకాశం నుండి మంటలు కురిపించింది. మాస్టర్ పడవలో జారుకొన్నాడు. గిరియన్ వంశజుడైన బార్డ్ చివరి వరకు నిలిచి, పిట్ట ఒకటి చెప్పగా డ్రాగన్ ఎడమ రొమ్ముపై కవచం లేని చోటును గుర్తించి, తరతరాలుగా వచ్చిన నల్లని బాణంతో దానిని చంపాడు. డ్రాగన్ పట్టణంపైనే పడినందున పట్టణం పూర్తిగా నాశనమైనది. జనులలో నాలుగింట మూడు వంతులు ప్రాణాలతో బయటపడినా, చలికి, దుఃఖానికి తరువాత మరికొందరు మరణించారు. ఎల్ఫ్ రాజు సహాయం పంపాడు.

నష్టపరిహార వివాదం

బార్డ్ థోరిన్ ముందు మూడు కారణాలు ఉంచాడు: డ్రాగన్‌ను చంపినది తాను, ఆ నిధిలో డేల్ ప్రజల సొత్తు కలిసి ఉన్నది, థోరిన్‌కు కష్టకాలంలో సాయపడిన పట్టణం ప్రతిఫలంగా సర్వనాశనమైనది. సైన్యం ఎదుట ఉండగా ఏమీ ఇవ్వనని థోరిన్ నిరాకరించాడు. గోబ్లిన్లు, వార్గులు దండెత్తగా ముగ్గురు ప్రత్యర్థులూ ఏకమై పంచసేనల యుద్ధంలో గెలిచారు. థోరిన్ మరణించగా, అతని వారసుడు డైన్ నిధిలో పదునాలుగవ వంతు బార్డ్‌కు ఇచ్చాడు.

పునర్నిర్మాణం

కొత్త పట్టణాన్ని పాతచోట కాక తీరం వెంట ఉత్తరాన నిర్మించారు. డ్రాగన్ అస్థికలున్న నీటి వద్దకు వెళ్ళడానికి జనులు భయపడేవారు. బార్డ్ పంపిన బంగారంలో అధిక భాగాన్ని తీసుకొని పారిపోయిన మాస్టర్, బీడు భూములలో అనుచరులు విడిచిపోగా ఆకలితో మరణించాడు. అతని తరువాతి మాస్టర్ కాలంలో పట్టణం మునుపటి కంటె సంపన్నమైనది. బార్డ్ 2944లో డేల్‌ను పునర్నిర్మించి రాజైనాడు. అతని మనుమడు బ్రాండ్ రాజ్యం ఎస్గరోత్‌కు దక్షిణ, తూర్పు దిక్కులలో చాలా దూరం విస్తరించినది. 3019 మార్చిలో జరిగిన డేల్ యుద్ధంలో బ్రాండ్, డైన్ ఇద్దరూ మరణించారు.

వాస్తవ పోలికలు

1853-54 శీతాకాలంలో స్విట్జర్లాండులోని జ్యూరిక్ సరస్సు నీరు బాగా తగ్గగా ప్రాచీన స్తంభాలు బయటపడినవి. పురావస్తు పరిశోధకుడు ఫెర్డినాండ్ కెల్లర్ వాటిని నీటిపై నిర్మించిన ఊళ్ళ అవశేషాలుగా వివరించాడు. టోల్కీన్ స్వయంగా గీసిన లేక్‌టౌన్ చిత్రాన్ని పరిశోధకులు ఇటువంటి ఊళ్ళ ఊహాచిత్రాలతో పోల్చారు. ఆల్ప్స్ ప్రాంతపు స్తంభ గృహాల స్థలాలు 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

సినిమాలలో

పీటర్ జాక్సన్ తీసిన "ది డెసొలేషన్ ఆఫ్ స్మాగ్" (2013), "ది బ్యాటిల్ ఆఫ్ ది ఫైవ్ ఆర్మీస్" (2014) చిత్రాలలో ఈ పట్టణం కనిపిస్తుంది. బార్డ్‌గా ల్యూక్ ఎవాన్స్, మాస్టర్‌గా స్టీఫెన్ ఫ్రై నటించారు. నవలకు భిన్నంగా, రెండవ చిత్రంలో కూలిన డ్రాగన్ క్రింద పడి మాస్టర్ మరణిస్తాడు.