కోడి ముక్కుకు పని కావాలి!

పిల్లలూ! తెల్లవారి గంప ఎత్తగానే పెరటికోళ్లు ఏం చేస్తాయో ఎప్పుడైనా నిలబడి చూశారా? ముందు రెక్కలు దులుపుకుంటాయి. ఆ వెంటనే కాళ్లతో నేల గీకుతాయి. ఒక అడుగు వెనక్కు వేసి, గీకిన చోటు పరీక్షగా చూసి, ముక్కుతో పొడుస్తాయి. మళ్లీ గీకుతాయి, మళ్లీ పొడుస్తాయి. పొద్దు గూకేదాకా ఇదే పని. మరి ఈ పని మాన్పిస్తే ఏమవుతుంది? ఆ సంగతి మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడి పెరట్లో తెలిసింది.

మాది కోనసీమలో కొత్తపేట దగ్గర పల్లె. ఆ అబ్బాయి వాళ్లమ్మ ఎనిమిది పెట్టల్ని పెంచుతోంది. గుడ్లమ్మిన డబ్బులతోనే అతని నోటుపుస్తకాలూ, పెన్నులూ. సార్వా నారుమళ్లు పోసిన రోజుల్లో ఈ కోళ్లు పక్కవారి మడిలో దిగి మొలకలన్నీ గీకేశాయి. మాటామాటా పెరిగింది. ఇక లాభం లేదని ఆమె పెరట్లో ఓ మూల వల కట్టి, కోళ్లన్నిటినీ అందులో ఉంచి, రెండు పూటలా తొట్టెలో తవుడూ నూకలూ కలిపి పెట్టసాగింది.

మూడు వారాలు తిరిగేసరికి నాలుగు కోళ్ల వీపులు బోడిగా అయిపోయాయి. ఎర్రపెట్టకు తోక మొదట్లో రక్తం కారుతోంది. నల్లపెట్ట ఒకటి మెల్లగా వెనక నుంచి వచ్చి, ఈక పీకి, గుటుక్కున మింగుతోంది! "దీనికి పొగరెక్కింది, ఆదివారం కోసేద్దాం" అన్నారు ఇంట్లోవాళ్లు. అబ్బాయికి ఆ నల్లపెట్టంటే ప్రాణం. మర్నాడు బడిలో నా దగ్గరకు వచ్చి, "మాస్టారండీ! విదేశాల్లో ఇలాంటి కోళ్లకు 'హెంప్' వేస్తే నెమ్మదిస్తాయని సెల్‌ఫోన్‌లో చూశానండీ. హెంప్ అంటే గంజాయేనంటగా! అది వేస్తే మత్తుగా పడుంటాయాండీ?" అని అడిగాడు.

ప్రశ్న మంచిదే. కాని జవాబు కోసం తొందరపడకూడదు. రోగం ఏమిటో తెలియకుండా మందు వెతకడం శాస్త్రపద్ధతి కాదు కదా!

ఇది పోట్లాట కాదు

కోళ్ల గుంపులో పెద్దా చిన్నా తేడా ఉంటుంది. ఏది ఎవరిని పొడవవచ్చో ఒక వరుస ఉంటుంది. నార్వే దేశస్థుడు షెల్డెరప్ ఎబ్బె చిన్ననాటి నుంచే కోళ్లను గమనించి, 1920ల మొదట్లో ఈ వరుసను లోకానికి వివరించాడు. ఆ వరుస కోసం జరిగే పోట్లాటలో దెబ్బలు ఎక్కువగా తల మీద, జుట్టు మీద పడతాయి. పొడిచే కోడి మెడ నిక్కించి కోపంగా ఉంటుంది.

నల్లపెట్ట చేసే పని అలా లేదు. వీపు మీద, తోక మొదట్లో పొడుస్తోంది. కోపం లేదు, అరుపు లేదు. నేల మీద గడ్డి పరకను పట్టి లాగినట్టే ఈకను లాగుతోంది. అంటే అది పొగరు కాదన్నమాట!

రోజంతా వెతుకులాట

మన పెరటికోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి. మేరియన్ డాకిన్స్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులోని ఒక జంతుప్రదర్శనశాలలో స్వేచ్ఛగా తిరిగే అడవికోళ్లను గమనించి 1989లో ఫలితాలు ప్రకటించింది. అవి చురుకుగా ఉన్న సమయంలో నిమిషం నిమిషానికీ లెక్క వేస్తే, నూటికి 60 నిమిషాల్లో నేలను పొడుస్తూనూ, 34 నిమిషాల్లో నేలను గీకుతూనూ కనిపించాయి. వాటికి మేత పెట్టడం కూడా జరుగుతూనే ఉంది. అయినా వెతుకులాట మానలేదు!

ఇప్పుడు మన వల లోపలి కోడిని చూడండి. తొట్టెలోని తిండి కాసేపట్లో అయిపోతుంది. కడుపు నిండింది, కాని ముక్కు ఖాళీగా ఉంది. నేల గట్టిపడి, గీకడానికి ఆకూ అలమూ లేదు. అప్పుడు ఎదురుగా కదిలేది, లాగితే వచ్చేది ఏది? పక్క కోడి ఈక! నేల మీద జరగవలసిన పొడుపు ఈకల మీదికి మళ్లిందని డచ్చి శాస్త్రవేత్త బ్లొఖూయిస్ 1986లో వివరించాడు. స్విట్జర్లాండులో హూబర్ ఐకర్, వెక్స్లర్ అనే ఇద్దరు కోడిపిల్లలకు గడ్డి వేసి చూశారు. సన్నగా తరిగిన గడ్డి కన్నా పొడుగు గడ్డి వేసిన చోట ఈకలు పీకడం తగ్గింది. పొడుగు పరకతో ముక్కుకు ఎక్కువసేపు పని దొరుకుతుంది మరి.

తిండిలో లోపం కూడా కారణం కావచ్చు. ఈకలో ఎక్కువ భాగం కెరటిన్ అనే మాంసకృత్తు. దాని తయారీకి గంధకం గల అమైనో ఆమ్లాలు కావాలి. వాటిలో ముఖ్యమైనది మెథియొనిన్. ఉప్పు తక్కువైనా, పీచు తక్కువైనా పీకుడు పెరుగుతుంది. పేలు పట్టినా, గూడు ఇరుకైనా అంతే. ఒకసారి రక్తం కనబడిందంటే, ఆ ఎర్రరంగు చూసి మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. ఫారాల్లో దీనికి భయపడే కోడిపిల్లల ముక్కు కొన కత్తిరిస్తారు. కాని ఆ కొనలో నరాలున్నాయి, నొప్పి పుడుతుంది. పైగా కారణం అలాగే ఉండిపోతుంది.

హెంప్ అంటే ఏది?

ఇక అబ్బాయి అడిగిన ప్రశ్నకు వద్దాం. హెంప్, గంజాయి రెండూ ఒకే జాతి మొక్కలు. 1753లో లిన్నేయస్ ఈ జాతికి కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టాడు. కాని నార కోసం పెంచే రకాల్లో మత్తు పదార్థం చాలా తక్కువ. అమెరికాలో 2018 చట్టం ప్రకారం ఎండిన మొక్కలో అది 0.3 శాతం మించకూడదు. విదేశాల్లో కోళ్లగూట్లో పరిచేది ఈ మొక్క కాండంలోని బెండు ముక్కలు. వాటిలో మత్తు వెతకడం కొబ్బరి డొక్కలో కల్లు వెతకడం లాంటిది!

మనదేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా గంజాయి పెంచడం, దగ్గర ఉంచుకోవడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఆ ఆలోచన మానండి. మత్తెక్కిన కోడి నెమ్మదించిన కోడి కాదు, జబ్బుపడిన కోడి.

ఇంగ్లీషువారు నార ఇచ్చే చాలా మొక్కలను హెంప్ అనే పిలిచారు. మనం పచ్చిరొట్టగా పొలంలో కలియదున్నే జనుమును 'సన్ హెంప్' అన్నారు. అది చిక్కుడు కుటుంబానికి చెందినది. గోగునార ఇచ్చే గోగును 'దక్కన్ హెంప్' అన్నారు. అది మందార కుటుంబంలోది. భీమునిపట్నం రేవు పేరుతో దానికి 'బిమ్లీ జూట్' అనే పేరు కూడా వచ్చింది. పేరు ఒకటైనంత మాత్రాన మొక్క ఒకటి కాదు. జనుము నార వాడవచ్చు గాని, జనుము గింజలు మాత్రం కోళ్లకు వేయకండి. ఆ ప్రజాతి గింజల్లో కాలేయాన్ని చెడగొట్టే ఆల్కలాయిడులు ఉంటాయి.

తెల్లదారం చెప్పిన రహస్యం

మరి నెమ్మదింపజేసేది ఏది? స్కాట్లండులోని రాస్లిన్ పరిశోధనా సంస్థలో బ్రయన్ జోన్స్, అతని తోటివారు 2000 ప్రాంతంలో ఒక తేలిక ప్రయోగం చేశారు. కోళ్ల ముందు పూసలు, గొలుసులు, రకరకాల రంగుల దారాల కుచ్చులు వేలాడదీశారు. ఎక్కువ కోళ్లు మెచ్చింది తెల్లదారపు కుచ్చు! దాన్ని పొడిచి, పట్టి లాగి, పాయలు విడదీసి, రోజుల తరబడి విసుగు లేకుండా పనిచేశాయి. ఇలా దారాలు కట్టిన చోట కోళ్ల ఈకలు తక్కువ పాడయ్యాయని 2005లో ప్రచురించిన పరిశోధన చూపింది.

ఆ దారాల్లో ఏ మందూ లేదు. హెంపు నారైనా, గోగునారైనా ముక్కుకు ఇచ్చేది ఇదే పని. ఇది తెలిశాక విదేశాల వైపు చూడడం ఎందుకు? కొబ్బరి దింపు అయ్యాక డొక్కలు గుట్టలుగా పడివుండే సీమ మనది!

ఆ పెరట్లో ఏం చేశాం?

ముందు ఎర్రపెట్టను వేరుచేసి, గాయం శుభ్రమైన నీటితో కడిగి, గంప కింద ఉంచి పశువైద్యునికి చూపించాం. తరువాత వల లోపల ఎండాకులూ, పొడుగు వరిగడ్డీ మందంగా పరిచి, నూకల్లో సగం తొట్టెలో కాక ఆ గడ్డిలో చల్లాం. కోడి మెడ ఎత్తు వరకు వచ్చేలా తెల్ల నూలుదారపు కుచ్చులు రెండు, కొబ్బరిపీచు కుచ్చు ఒకటి కట్టాం. మునగాకు, తోటకూర కట్టలు వేలాడదీశాం. ఒక మూల ఇసుకా బూడిదా కలిపి పోస్తే, కోళ్లు అందులో పొర్లి పేలు దులుపుకున్నాయి. రోజూ సాయంత్రం గంటసేపు అబ్బాయి కాపలా ఉండి వాటిని బయటకు వదిలాడు.

ఒక జాగ్రత్త! పొడుగు దారం, పీచు మింగితే కోడి గొంతుసంచిలో అడ్డుపడుతుంది. కుచ్చును బిగించి ముడివేసి, కొనలు పొట్టిగా ఉంచి, ఊడిన పోగులు రోజూ తీసేయాలి. ప్లాస్టిక్ దారం వాడవద్దు.

మీరూ చేసి చూడండి

మీ ఇంట్లో కోళ్లుంటే రోజూ ఒకే వేళకు పావుగంట కూర్చుని, ఎన్నిసార్లు నేలను పొడిచాయో, ఎన్నిసార్లు ఈకలను పొడిచాయో గీతలు పెట్టి లెక్కించండి. వారం తరువాత ఒకే ఒక మార్పు చేయండి. దారమో, గడ్డో, ఆకుకట్టో. మళ్లీ వారం లెక్కించండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మేం ఆ పొరపాటే చేశాం, ఎందుకంటే అక్కడ రక్తం కారుతోంది, ఆగే వ్యవధి లేదు. మీకు ఆ తొందర లేదు.

మా నల్లపెట్ట మాటేమిటంటారా? అలవాటు పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడు పక్కదాని తోక వైపు చూస్తూనే ఉంటుంది. కాని ఇప్పుడు ఎక్కువసేపు గడ్డిలో నూకలు వెతుక్కుంటోంది. బోడివీపుల మీద కొత్త ఈకలు మొలిచాయి. ఆదివారాలు చాలా గడిచాయి, నల్లపెట్ట ఇంకా గుడ్లు పెడుతూనే ఉంది. ఆ గుడ్లమ్మిన డబ్బుతో కొన్న నోటుపుస్తకంలోనే అబ్బాయి ఈ లెక్కలన్నీ రాసుకుంటున్నాడు!