బండి బాగానే ఉన్నది, టైర్ల మాటేమిటి?

బెజవాడలో బెంజి సర్కిలు తెలియనివారు ఉండరు. చెన్నై నుంచి కలకత్తా వైపు పోయే 16వ నంబరు జాతీయ రహదారీ, పూణే నుంచి బందరు వచ్చే 65వ నంబరు రహదారీ కలుసుకొని విడిపోయే చోటు అది. ఒకప్పుడు అక్కడ బెంజి లారీల కంపెనీ ఉండేదనీ, అందువల్లనే ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. టాటా వారు జర్మనీ బెంజి కంపెనీతో పొత్తు కలిపి 1954లో మన దేశంలో లారీల తయారీ మొదలుపెట్టారు. ఆ పొత్తు 1969లో ముగిసింది. లారీల ముక్కు మీది నక్షత్రం పోయింది గాని, కూడలికి పేరు మాత్రం నిలిచిపోయింది. ఇంతకూ నేను చెప్పబోయేది నక్షత్రం మాట కాదు; నాలుగు టైర్ల మాట.

2025 జూలైలో ఒక సాయంత్రం మా అమ్మాయిని కాలేజీ నుంచి తీసుకువస్తున్నాను. వాన పెద్దదేమీ కాదు, సన్నని జల్లు. అయితే ఎండలకు రోడ్డు మీద పేరుకున్న నూనే, దుమ్మూ మొదటి చినుకులకు కలిసి జిడ్డులా తయారవుతాయి. జడివాన కంటే ఆ జల్లే ప్రమాదకరం. బెంజి సర్కిల్ ఫ్లై ఓవర్ ఎక్కకుండా పక్కదారిన కూడలికి వస్తూండగా ముందుపోతున్న ఆటో హఠాత్తుగా ఆగింది. బ్రేకు తొక్కాను. పెడలు కాలి కింద టకటక కొట్టుకున్నదే గాని, కారు తన మానాన తాను జారుకుంటూ పోయి, ఆటోకు జానెడు దూరంలో ఆగింది. ఆటోలో వెనుక సీటున కూర్చున్న పసివాడు నన్ను చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"నాన్నా, వచ్చే నెల నుంచి ఈ కారు నేను నడుపుతానన్నావు గదూ?" అన్నది అమ్మాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

మా కారు చిన్నదే, కాని పరుగుకు పేరుపడినది. కాలు ఇలా మోపితే అలా దూకుతుంది. 2021లో వాడిన బండిగానే కొన్నాను. అమ్మినాయన "కొత్త టైర్లు వేయించానండీ" అన్నాడు. చూస్తే నల్లగా నిగనిగలాడుతున్నాయి. చవక రకమని తెలుసు. అయితేనేం, టైరంటే టైరే గదా అనుకున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి రబ్బరు సంగతులు ఎక్కడివి?

మర్నాడు ఆదివారం. ఆటోనగర్‌లో ఒక కుర్ర మెకానిక్కుకు చూపించాను. అతడు చక్రాల వంక చూసి, "బటన్లు బాగానే ఉన్నాయి మాస్టారూ, ఇంకో పదివేల కిలోమీటర్లు కళ్లు మూసుకొని తిరగొచ్చు" అన్నాడు. కళ్లు మూసుకొని తిరిగే ఉద్దేశం లేదు గనుక, అక్కడే మరో కొట్లో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన గాడిలో కొలత పుల్ల పెట్టి చూశాడు. ముందు టైర్లకు మూడు మిల్లీమీటర్లు, వెనుకవాటికి నాలుగు. కొత్త టైరుకు ఏడెనిమిది ఉంటుంది. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఆ హద్దు తెలియడానికి గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు పోసి ఉంటాయి; టైరు అరిగి ఆ గట్టుతో సమానమైనదంటే ఇక దాని ఆయువు తీరినట్టే. ఆ లెక్కన నా టైర్లకు ఇంకా ఆయువున్నట్టే.

అప్పుడు పెద్దాయన టైరు పక్కన, రిమ్ముకు పైగా, చిన్న అండాకారపు చట్రంలో అచ్చుపోసిన నాలుగు అంకెలు చూపించాడు: 3118. "మాస్టారూ, ఇది జాతకం. 2018లో ముప్పై ఒకటో వారం పుట్టింది."

నేను లెక్క వేసుకున్నాను. 2021లో నాకు "కొత్తవి" అని అంటగట్టిన నాటికే వాటికి మూడేళ్లు. ఇప్పుడు ఏడు. ఆయన బొటనవేలి గోటితో నొక్కి చూపించాడు; గోరు దిగలేదు. గాడుల మొదట్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు. "బటన్ బతికే ఉన్నది, రబ్బరు చచ్చిపోయింది" అన్నాడు.

అసలు కిటుకంతా ఇక్కడే ఉన్నది. టైరుకూ రోడ్డుకూ ఉన్న సంబంధమల్లా, ఒక్కొక్క చక్రం కింద మన అరచేయంత జాగా. ఆ జాగాలో రబ్బరు మెత్తగా ఉండి, రోడ్డు గరుకును పట్టుకుంటేనే బ్రేకు బ్రేకవుతుంది. మెత్తని రబ్బరు పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువే. చవక రకాల్లో చాలావాటికి గట్టి రబ్బరు వాడతారు. ఎన్నాళ్లకూ అరగదు, కొన్నవాడు మురిసిపోతాడు, తడి రోడ్డు మీద మాత్రం మొహం చాటేస్తుంది. ఎండ, గాలిలోని ప్రాణవాయువు ఆ రబ్బరును ఏటికేడాది మరింత బిగిస్తాయి. మన కృష్ణా తీరపు ఎండల సంగతి చెప్పేదేమున్నది! అయిదేళ్లు దాటిన టైరును ఏడాదికొకసారి పరీక్ష చేయించాలనీ, గాడి ఎంత మిగిలినా పదేళ్లు దాటనివ్వరాదనీ తయారీదారులే అంటారు. మన ఎండల్లో అంతదాకా ఆగడం సాహసం.

గాడులు మరెందుకంటారా? నీళ్లను పక్కకు తోడిపోయడానికి. గాడి లోతు తగ్గినకొద్దీ తోడే శక్తి తగ్గుతుంది. వేగంగా పోతే నీటిపొర మీద కారు పడవలా తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా తిప్పకపోయినా ఒకటే. అందుచేతనే, చట్టం 1.6 అన్నా, వానకాలం మూడు దగ్గరే మేలుకోవాలంటారు తెలిసినవారు.

ఇక అరుగుదల తీరు కూడా ఒక భాషే. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువైనట్టు. రెండంచులూ అరిగితే గాలి చాలనట్టు. ఒక్క అంచే అరిగితే చక్రాల అలైన్‌మెంటు తప్పినట్టు. పక్కగోడ బుడిపెలా ఉబ్బితే లోపలి దారాలు తెగినట్టే. ఆ టైరుకు వయసూ గాడీ చూడనక్కరలేదు, ఆ రోజే మార్చాలి.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. నాలుగు టైర్లంటే పాతికవేల మాట. అమ్మాయి ఫీజు కట్టవలసిన నెల కూడానూ. "వానలు వెళ్లాక చూద్దామండీ" అన్నది. వానలకోసమే గదా మార్చడం! పోనీ రెండే మారుద్దామనుకున్నాను. అక్కడ మరో చిక్కు. కొట్టు కుర్రాడు కొత్తవి ముందుకు వేస్తానంటాడు, ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది గనుక. నిజానికి కొత్త జత వెనుకకే వేయాలి. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరగక తిన్నగా పోతుంది. కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనుక చక్రాలు జారితే మాత్రం బండి బొంగరమే. అలవాటైనవాడికే అదుపులోకి రాదు, కొత్తగా నేర్చిన పద్దెనిమిదేళ్ల పిల్లకు వస్తుందా?

నాలుగూ ఒకే ఏడు పుట్టినవే గనుక నాలుగూ మార్చడానికే నిశ్చయించాను. ఆ నెల చీటీ పాడి ఎత్తాను. కొంత నష్టం వచ్చింది, రానీ. ఈసారి మరీ ఖరీదైనవి కొనలేదు, మరీ చవకవీ కొనలేదు. కొలత మాత్రం పాతదే: 185/65 ఆర్ 15, 88 హెచ్. వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 65 వంతులు, రేడియల్ అల్లిక, 15 అంగుళాల రిమ్ము. 88 అంటే ఒక్కొక్క టైరు 560 కిలోల బరువు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుంది. బందరు రోడ్డు మీద 210 ఎవరికి కావాలంటారా? ఎవరికీ అక్కరలేదు. అయినా కంపెనీ చెప్పినదానికంటే తక్కువ రకం వేయరాదు.

పాతవాటి మాట మరిచాను. మా తాతగారి ఎడ్లబండికి ఇనుప పట్టాలుండేవి. తరువాత టైరు బండ్లు వచ్చాయి. పాత టైరుతో చెప్పులు కుట్టారు, ఉయ్యాల కట్టారు, కర్రపుల్లతో కొట్టుకుంటూ వీధి వెంట మేమూ పరుగెత్తాం. కొట్టువాడు నా పాత టైర్లను పక్కకు దొర్లిస్తూ, "గాడి ఉన్నది గదా మాస్టారూ, ఎవరైనా కొనుక్కుంటారు" అన్నాడు. నాకు ఆ ఆటోలోని పసివాడి నవ్వు గుర్తుకొచ్చింది. కత్తి అడిగి తీసుకొని, నాలుగింటి పక్కగోడలూ కోయించాకనే అక్కడినుంచి కదిలాను. కుర్రాడు నన్ను వింతగా చూశాడు.

కొత్త టైర్ల మీద అచ్చు తాలూకు జిడ్డు ఉంటుందట. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా పొమ్మన్నారు. డబ్బు ఇవ్వబోతూండగా మా అమ్మాయి నా చేయి పట్టుకొని ఆపింది. నేలమీద మోకాళ్లూని, ఒక్కొక్క టైరు చుట్టూ తడుముతూ నాలుగు అంకెల కోసం వెతకడం మొదలుపెట్టింది.