కట్ట మనది, కింది ఇల్లు పరులది

సప్తసంతానాలలో చెరువు ఒకటి అని మన పెద్దలు చెప్పారు. గుడి కట్టించినవాడూ, తోట వేసినవాడూ, చెరువు తవ్వించినవాడూ బిడ్డను కన్న తండ్రితో సమానమని వారి భావం. అయితే బిడ్డను కనడం ఒక యెత్తు, పెంచడం ఒక యెత్తు గదా! చెరువు సంగతీ అంతే. కట్ట వేసిన నాటితో పని తీరిపోదు.

ఈ మాట యిప్పుడెందుకంటే, హోసూరు, కోలారు, బళ్లారి ప్రాంతాలలో తరతరాలుగా సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబాలు చాలా వున్నవి. సొంత పొలంలో వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి వాననీరు నిలవ చేసుకొనేవారు వారిలో వున్నారు. 2021లో మన దేశంలో ఆనకట్టల భద్రత చట్టం వచ్చింది. అది 15 మీటర్లు దాటిన కట్టలకూ, కొన్ని షరతులపై 10 నుంచి 15 మీటర్ల కట్టలకూ వర్తిస్తుంది. మన పొలంలోని మూడు నిలువుల కట్ట ఆ చట్టం కిందికి రాదు. దానికి ఇంజనీరూ, తనిఖీదారూ, కావలివాడూ అన్నీ సొంతదారే. తెగినప్పుడు మాత్రం నష్టం సొంతదారుతో ఆగదు.

కెన్యా దేశంలో సొలాయి అనే చోట 2018 మే 9 రాత్రి, ఒక ప్రైవేటు తోటవారి మట్టికట్ట భారీ వర్షాలకు తెగింది. దిగువనున్న నలభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

అమెరికాలోని జాన్స్‌టౌన్ కథ యింకా పాతది, యింకా పెద్దది. ఆ పట్టణానికి 14 మైళ్ల యెగువన కొండలలో ఒక మట్టికట్ట వుండేది. మొదట పడవల కాలువ కోసం ప్రభుత్వం కట్టించినది. తరువాత చేతులు మారింది. ఒక యజమాని కాలంలో అడుగున నీరు వదిలే ఇనుప గొట్టాలు పీకి, పాత ఇనుము కింద అమ్మివేశారు. ఆ తరువాత కొన్న ధనికుల క్లబ్బువారు బండ్లు సులువుగా పోవడానికి కట్ట నెత్తిని కొంత తగ్గించారు; వేసిన చేపలు పోకుండా మరువకు జల్లెడలు బిగించారు. 1889 మే 31న కుంభవృష్టి కురిసింది. జల్లెడలకు చెత్త అడ్డుపడింది. అడుగున తూము లేదు. నీరు కట్ట మీదుగా పొర్లి కట్టను కోసివేసింది. 2,209 మంది చనిపోయారు. చూడండి, వారిలో యెవరూ చెడు తలచలేదు. ఒకరికి నాలుగు డబ్బులు కావాలి, మరొకరికి దారి కావాలి, యింకొకరికి చేపలు కావాలి, అంతే!

మట్టికట్టకు చేటు రెండు దారుల వస్తుంది: ఒకటి మీదనుంచి, రెండవది లోపలినుంచి.

మీదనుంచి వచ్చేదానికి మందు మరువ. అలుగనండి, కలుజనండి, తమిళంలో కలింగనండి, కన్నడంలో కోడి అనండి; పేరేదైనా అది నీటికి మనం విడిచిన దారి. దానికి వల కట్టడం, మరి జానెడు నీరు నిలుస్తుందని యిసుక మూటలు పేర్చడం జాన్స్‌టౌన్ వారి దారిలో నడవడమే.

ఇక లోపలినుంచి వచ్చేది ఊట. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం వున్నది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి వేయించినది. చెరువుకు పన్నెండు అంగాలనీ, ఆరు దోషాలనీ అందులో చెప్పారు. కట్టనుంచి నీరు కారడం ఆ దోషాలలో ఒకటి. కట్ట కింద కొద్దిపాటి చెమ్మ మామూలే. ఊట తేటగా, యెప్పుడూ ఒకే తీరుగా వుంటే కనిపెట్టి వుండాలి. ధార పెరిగినా, నీరు బురదగా మారినా, లోపలి మట్టి కొట్టుకుపోతున్నదన్నమాట. 2019 జూలై 2 రాత్రి మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా తివరే కట్ట తెగి ఇరవైమంది దాకా మరణించారు. అది ప్రభుత్వపు కట్టే. నీరు కారుతున్నదని ఊరివారు ముందే మొరపెట్టుకొన్నారు.

ఊట నోటిని బంకమట్టితో మూయరాదు. నీరు మరొకచోట దారి చేసుకొంటుంది. ముందు ముతక యిసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు వేస్తే నీరు బయటికి వస్తుంది, మట్టి లోపలే నిలుస్తుంది. వెంటనే తూము తెరచి చెరువును తగ్గిస్తూ, నీటిపారుదల ఇంజనీరును పిలవండి. అత్యవసరం లేనప్పుడు మాత్రం నీటిని మెల్లగానే తగ్గించాలి. ఒక్కసారిగా తీస్తే తడిసిన లోపలి వాలు జారవచ్చు.

కట్టపై గరిక పెంచండి, చెట్లు వద్దు. చెట్టు చస్తే వేరు కుళ్లి సొరంగం మిగులుతుంది. పందికొక్కుల బొక్కలనూ, చెదపుట్టలనూ తవ్వి, మట్టి పోసి దిమ్మిస కొట్టండి.

పూర్వం తమిళనాట కుడిమరామత్తు పేరిట ఊరంతా కలిసి చెరువు బాగుచేసుకొనేవారు. సొంత కట్టకు ఊరు రాదు గనుక ఆ పని ఇంటివారిదే. తొలకరికి ముందొకసారి, పెద్దవాన కురిసిన ప్రతిసారీ, కట్టను ఈ కొసనుంచి ఆ కొసదాకా పైనా కిందా నడిచి చూడండి. గొడ్లు కాసే పిల్లవాడు వచ్చి కట్టకింద బురదనీరు వస్తున్నదంటే, ముద్ద పక్కన పెట్టి వెళ్లండి. దిగువ ఇళ్లవారి ఫోను నంబర్లు గోడమీద వ్రాసి పెట్టుకోండి. వారిలో యెవరైనా “మీ కట్ట యెలా వున్నదండీ?” అని అడిగితే కోపగించుకోకండి. అడిగే హక్కు వారికున్నది.