మానేరు నీళ్లకు ఏ ప్రొపెల్లర్?

మధ్య మానేరు జలాశయం నిండితే నీటిమట్టం సముద్రానికి 318 మీటర్ల ఎత్తున ఉంటుంది. విశాఖలోనో కాకినాడలోనో బాగా నడిచిన అవుట్‌బోర్డ్ మోటారును తెచ్చి ఇక్కడ బిగిస్తే కాస్త నీరసంగా తోస్తుంది. మోటారులో లోపమేమీ ఉండదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ప్రతి 300 మీటర్లకు ఇంజన్ శక్తి సుమారు మూడు శాతం తగ్గుతుంది. నలభై డిగ్రీలు దాటే మే నెల ఎండలో గాలి మరీ పలచన. పైగా మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే రెండున్నర శాతం తేలిక కాబట్టి, అదే బరువుకు పడవ కొంచెం ఎక్కువ మునుగుతుంది. ఇందుకు కార్బురేటర్ విప్పాల్సిన పని లేదు. సరైన ప్రొపెల్లర్ పెడితే చాలు, చాలాసార్లు ఒక్క అంగుళం తేడాతో పని అయిపోతుంది.

ఏ ప్రొపెల్లర్ మీదైనా రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది రెక్కల చుట్టుకొలత కాదు, వాటి కొసలు గీసే వలయం వ్యాసం. రెండోది పిచ్. నీళ్లు గట్టి పదార్థమై, రెక్క అందులో స్క్రూలా దిగితే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోతుందో ఆ దూరం. పది అంగుళాల పిచ్ అంటే చుట్టుకు పది అంగుళాలు. నీళ్లు వెనక్కి జారతాయి కాబట్టి అంత దూరం ఎప్పుడూ పోదు. ఒక లెక్క చూద్దాం. ఇంజన్ నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతోంది, గేరు దాన్ని సగం చేసి 2,750 చుట్లు ప్రొపెల్లర్‌కు ఇస్తోంది, పిచ్ పది అంగుళాలు. కాగితం మీద గంటకు 42 కిలోమీటర్లు రావాలి. ఫోన్‌లోని జీపీఎస్ 28 చూపిస్తే మూడో వంతు జారిపోయిందన్న మాట. సన్నటి వేగపు పడవకు ఇది చాలా ఎక్కువ. పాంటూన్ పడవకు మాత్రం పెద్ద విడ్డూరం కాదు. రెండు పొడవాటి గొట్టాల మీద చదునైన డెక్కు, పైన కుర్చీలు, పందిరి, ఇరవై మంది జనం. నీళ్లూ గాలీ రెండూ అడ్డుపడే ఆకారం అది.

అందుకే పాంటూన్‌కు తక్కువ పిచ్, ఎక్కువ వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ కావాలి. బరువేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కే బైకుకు రెండో గేరు లాంటిది తక్కువ పిచ్. వేగం తగ్గుతుంది, తోపు పెరుగుతుంది. నాలుగు రెక్కలది పెడితే ఒడ్డుకు చేర్చేటప్పుడు, వెనక్కి తిప్పేటప్పుడు పడవ చెప్పినట్టు వింటుంది.

పిచ్ ఎంత అన్నది దుకాణంలో తేలదు, నీళ్ల మీద టాకోమీటర్ చెప్పాలి. ప్రతి మోటారుకూ పూర్తి థ్రాటిల్‌లో ఎన్ని చుట్లు తిరగాలో తయారీదారు ఒక హద్దు రాసి ఇస్తాడు, ఉదాహరణకు 5,000 నుంచి 6,000. పడవను పూర్తిగా నింపి, థ్రాటిల్ చివరిదాకా తిప్పి చూడాలి. 4,700 దగ్గరే ఆగిపోతే పిచ్ ఎక్కువైంది. ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి కాబట్టి, ఇక్కడ రెండు అంగుళాలు తగ్గించాలి. హద్దు దాటి అరిస్తే పిచ్ పెంచాలి. చుట్లు అందని ఇంజన్‌ను అలాగే నెలల తరబడి తోలితే పిస్టన్లు వేడెక్కి, మసి పట్టి, ఒక రోజు బిగుసుకుంటాయి. మెకానిక్ ఒక్కడే కూర్చుని చేసిన పరీక్షకు విలువ లేదు. మధ్య మానేరు నిండితే వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయ స్వామి గుడి దీవిలా మారుతుంది, అక్కడికి పడవలోనే పోవాలి. అలాంటి చోట పరీక్ష పండుగ రోజు బరువుతోనే జరగాలి. లెక్కలో ఉండాల్సింది ప్రాణాలు.

రెక్కలు ఏ లోహానివి కావాలన్నది ఈ జలాశయంలో మరింత ముఖ్యం. శ్రీరాంసాగర్ నుంచి కోరుట్ల ప్రాంతం మీదుగా వచ్చే వరద కాలువ నీళ్లు చేరేది ఇక్కడికే. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. మానేరు కడుపులో కలిసిన ఇళ్ల గోడలు, చెట్ల మొదళ్లు మట్టం తగ్గినప్పుడు పైకి దగ్గరగా వస్తాయి. స్టీలు ప్రొపెల్లర్ గట్టిది, సన్నటి రెక్క కాబట్టి కొంచెం వేగమూ ఎక్కువే. కానీ మొద్దుకు తగిలితే తాను వంగదు, ఆ దెబ్బ గేర్ల దాకా పోయే ప్రమాదం ఉంది. అల్యూమినియం తాను వంగి గేరు పెట్టెను కాపాడుతుంది. నా మాట అడిగితే ఇక్కడ అల్యూమినియమే. ధర్మపురి దగ్గర గోదావరిలో, ఎండాకాలపు రాళ్లలోనూ ఇదే మాట.

ఇక మొరాయింపులు. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, పడవ కదలదు. చాలామంది గేర్లు పోయాయనుకుంటారు. ప్రొపెల్లర్ నడిమి గొట్టానికీ బయటి భాగానికీ మధ్య ఒక రబ్బరు హబ్ ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు అది జారి గేర్లను కాపాడుతుంది. ఒకసారి జారిన హబ్ ఆ తర్వాత బరువు పడ్డప్పుడల్లా జారుతుంది. లోపలి గొట్టం మీదుగా బయటి అంచు దాకా మార్కర్‌తో ఒక గీత గీసి, కాసేపు నడిపి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే దొంగ దొరికినట్టే. చిన్న మోటార్లలో ఈ పని ఒక షియర్ పిన్ను చేస్తుంది, అది తెగిపోతుంది.

గీత చెదరకపోతే గాలిని అనుమానించాలి. జనమంతా ఫొటోల కోసం ముందుకు చేరితే పాంటూన్ వెనక భాగం లేస్తుంది, రెక్కలు పైనుంచి గాలి పీలుస్తాయి. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ పలక నీటి కిందే ఉండేలా మోటారును దించి బిగించాలి. రెక్కల మీద చీడ తిన్నట్టు గుంటలు పడితే అది వేరే జబ్బు. వేగంగా తిరిగే రెక్క ఒక వైపు ఒత్తిడి బాగా పడిపోయి, చల్లని నీళ్లే అక్కడ మరిగి బుడగలవుతాయి. అవి పగిలే దెబ్బకు లోహం రాలుతుంది. వంగిన అంచు, గాటు పడ్డ రెక్క దీన్ని పెంచుతాయి. ఎగువన రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లున్నాయి. అంతటి పంపులనూ నీటిమట్టానికి బాగా కిందికి దించి పెట్టేటప్పుడు ఇంజనీర్లు ఈ బుడగలను లెక్కలోకి తీసుకుంటారు.

నాకు అన్నిటికంటే భయం పుట్టించేది చేపల వల దారం. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నప్పుడు పైపైన కోసి వదిలేస్తారు. కాటర్ పిన్ను లాగి, నట్టు విప్పి, ప్రొపెల్లర్‌ను బయటికి తీస్తే షాఫ్ట్ మొదట్లో నైలాన్ వేడికి కరిగి గట్టి ఉంగరంలా బిగిసి ఉంటుంది. అది మెల్లగా ఆయిల్ సీల్‌ను కోస్తుంది, నీళ్లు గేరు పెట్టెలోకి దిగుతాయి. కింది స్క్రూ వదులు చేసినప్పుడు నూనె తెల్లబడి వస్తే సీల్ పోయినట్టే, ఇక గేర్లకు తుప్పే. వలలున్న నీళ్లలో నెలకోసారైనా ప్రొపెల్లర్ విప్పి చూడాలి.

ఇంజన్‌ను చల్లబరిచి పక్కనుంచి బయటికి వచ్చే నీటి ధార సన్నబడితే వెంటనే ఇంజన్ ఆపాలి. గుర్రపు డెక్కో నాచో నీళ్లు పీల్చే జాలిని మూసి ఉంటుంది, లేదా ఇసుక నీళ్లకు పంపు రబ్బరు రెక్కలు అరిగి ఉంటాయి. పది నిమిషాలు నడిచి ఆగిపోతే, పెట్రోలు గొట్టంలోని రబ్బరు ఉండ చొట్టబోయి ఉంటే, ట్యాంకు మూత మీది గాలి స్క్రూ విప్పండి. చాలాసార్లు తప్పు అక్కడే.

2022 జులై వరదల్లో రాయికల్ మండలం బోర్నపల్లి దగ్గర గోదావరి మధ్యలో చిక్కుకున్న కూలీలను పడవల్లోనే ఒడ్డుకు చేర్చారు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో సిరిసిల్ల వీధులే మునిగాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు షెడ్డులో ఉండి, ఒక్క రాత్రి పిలుపుకు లేవాల్సిన మోటార్లకు పాత పెట్రోలే శత్రువు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, హద్దు దాటితే నీళ్లు అడుక్కు దిగుతాయి. పక్కన పెట్టేముందు కార్బురేటర్ ఖాళీ చేసి, నెలకోసారి నీళ్ల డ్రమ్ములో దించి నడపాలి. పడవలో ఒక వాడని ప్రొపెల్లర్, నట్టు, రెండు కాటర్ పిన్నులు, ఆ నట్టుకు సరిపోయే స్పానర్ ఉండాలి. అవి కలిపి తాడుతో కట్టి ఉండాలి, చీకట్లో చేతికి అందే చోట.